చికెన్ ర్యాప్‌కు లెట్యూస్ ఆకా, క్యాబేజీ ఆకా?

పిండిపదార్థాలు తగ్గించుకోదలచి, రొట్టెకు బదులు ఆకులో చికెన్ చుట్టుకొని తినాలనుకునేవారికి హనుమకొండలో లెట్యూస్, క్యాబేజీ రెండూ దొరుకుతాయి. 100 గ్రాముల ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో సుమారు 3 గ్రాములు, క్యాబేజీలో సుమారు 6 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. ఒక్కొక్కరు తినేది మూడు నాలుగు ఆకులే కనుక ఈ తేడాను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

అసలు తేడా ఆకు తీరులో ఉంది. లెట్యూస్‌ను చల్లటి నీళ్లలో కాసేపు ఉంచి, తడి లేకుండా తుడిస్తే పచ్చిగానే కరకరలాడుతుంది. అయితే పొగలు కక్కే కూర పడగానే మెత్తబడుతుంది, వరంగల్ ఎండల్లో ఇల్లు చేరేలోపే వడలిపోతుంది కూడా. క్యాబేజీ ఆకును మరిగే నీటిలో ఒకటి రెండు నిమిషాలు ముంచి, మధ్య ఈనెను కత్తితో పలుచగా చెక్కితే గాని మడత పడదు, కానీ మడిచాక చిరగదు, మధ్యాహ్నం దాకా డబ్బాలో ఉన్నా చెక్కుచెదరదు.

కూర రెండింటికీ ఒకటే: చికెన్ కీమాను అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో పెద్ద మంటపై తడి ఇగిరేదాకా వేయించి, సోయా సాస్, కొద్దిగా వెనిగర్, చివర్లో ఉల్లికాడలు, నువ్వుల నూనె కలపాలి. చక్కెర ఎక్కువగా ఉండే హోయిసిన్ సాస్‌ను, చిక్కదనం కోసం వేసే కార్న్‌ఫ్లోర్‌ను వదిలేయడమే మేలు. అప్పటికప్పుడు వడ్డించేటట్లయితే నేను లెట్యూస్‌నే ఎంచుకుంటాను. డబ్బాలో కట్టుకెళ్లడానికి మాత్రం క్యాబేజీకే నా ఓటు.