పినోకియో: పిల్లలతో కలిసి చూడాలంటే ఏ సినిమా?

నాలుగేళ్లలో మూడు పినోకియోలు వచ్చాయి. 2019లో ఇటలీలో మత్తేయో గరోనే తీశాడు. 2022లో డిస్నీకి రాబర్ట్ జెమెకిస్ ఒకటి తీస్తే, అదే ఏడాది నెట్‌ఫ్లిక్స్‌లో గియెర్మో డెల్ టోరోది వచ్చింది. మూడూ మా పాపతో కలిసి చూశాను. డెల్ టోరోది మాత్రం మూడుసార్లు.

ముందు అసలు కథ సంగతి. గెపెట్టో అనే ముసలి వడ్రంగి చెక్కిన కొయ్యబొమ్మకి ప్రాణం వస్తుంది, అదే పినోకియో. తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ చివరికి నిజం పిల్లాడవుతాడు. ఇటలీ రచయిత కార్లో కొల్లోడి దీన్ని 1881లో ఒక పిల్లల పత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టాడు. నక్క, పిల్లి కలిసి పినోకియోని చెట్టుకు ఉరితీయడంతో కథ అయిపోయిందన్నాడు. చదివే పిల్లలు ఊరుకోకపోతే మళ్లీ కొనసాగించాడు. 1883లో పుస్తకమైంది. మనందరి మనసులో ఉన్న ముద్దొచ్చే బొమ్మ 1940 నాటి డిస్నీ కార్టూన్‌ది. కొల్లోడి బొమ్మ అలా కాదు, బుద్ధి చెప్పబోయిన కీచురాయిని సుత్తి విసిరి చంపేస్తుంది.

కొత్త డిస్నీ సినిమాలో ఆ మొండితనం బొత్తిగా లేదు. టామ్ హాంక్స్ ఉన్నాడు, రంగులున్నాయి, గోడ నిండా గడియారాలున్నాయి. కానీ ఇందులో పినోకియో బడి ఎగ్గొట్టడు, బొమ్మవి నువ్వు అంటూ హెడ్మాస్టరే బయటికి గెంటేస్తాడు. అల్లరి పిల్లల దీవిలో బీరు బదులు మత్తులేని తియ్యటి సోడా, రూట్ బీరు పోస్తారు. వాడి తప్పులన్నీ ఇలా తుడిచేస్తే ఇక వాడు మారడానికి ఏం మిగిలింది? ఐదేళ్ల పిల్లలు సరదాగా చూస్తారు, అంతవరకే.

గరోనే సినిమా పుస్తకానికి బాగా దగ్గర. మొదట్లోనే గెపెట్టో ఆకలితో హోటల్‌కి వెళ్లి, బాగున్న బల్లనీ తలుపునీ ఊపి చూపిస్తూ 'ఇది విరిగేలా ఉంది, బాగు చేస్తాను' అంటాడు. పని దొరికితే ఇంత తిండి దొరుకుతుందని. గెపెట్టోగా వేసిన రాబెర్తో బెనీని ఆ సీన్‌లో పేదరికాన్నీ అభిమానాన్నీ ఒకే మొహంలో చూపించాడు. ఉరి కూడా ఉంది, దాచలేదు. నడక మాత్రం నెమ్మది, చిన్నపిల్లలకి మధ్యలో విసుగొస్తుంది.

ఇక డెల్ టోరోది. బొమ్మల్ని కొద్దికొద్దిగా కదుపుతూ ఫ్రేమ్ ఫ్రేమ్‌గా తీసిన సినిమా. 2023లో ఉత్తమ యానిమేషన్ ఆస్కార్ దీనికే వచ్చింది. కథని నియంత ముస్సోలినీ కాలపు ఇటలీకి మార్చాడు. గెపెట్టో కొడుకు మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబు పడి చనిపోతాడు. ఏళ్ల తర్వాత ఒక రాత్రి తప్పతాగి, కొడుకు సమాధి దగ్గర పెరిగిన చెట్టు నరికి బొమ్మ చెక్కుతాడు. అందుకే వాడు అందంగా ఉండడు. ఒక చెవి లేదు, వీపు మీద మేకులు పొడుచుకొచ్చి ఉంటాయి.

అబద్ధమాడితే ముక్కు పెరగడం రెండు 2022 సినిమాల్లోనూ పనికొచ్చే విద్యే. డిస్నీలో బోనులోంచి తాళంచెవి అందుకోవడానికి వాడతారు, అదొక ఉపాయం, అయిపోతుంది. డెల్ టోరో సినిమాలో సముద్రజీవి కడుపులో చిక్కుకున్నప్పుడు తండ్రే అబద్ధం ఆడమంటాడు. ఆ పెరిగిన ముక్కు మీద నడిచే బయటపడాలి. అబద్ధం తప్పని చెప్పి పెంచిన తండ్రి అలా అడగాల్సి రావడం నన్ను కదిలించింది.

ఈ గెపెట్టో బొమ్మలో చనిపోయిన కొడుకునే వెతుక్కుంటాడు. 'పక్కింటి పిల్లాణ్ణి చూసి నేర్చుకో' అనే మాట వింటూ పెరిగిన నాకు అది సూటిగా తగిలింది. చివరికి నువ్వు నువ్వులాగే ఉండు అని అతను చెప్పేసరికి కళ్లు తుడుచుకున్నాను.

నా ఓటు దీనికే, కాకపోతే పదేళ్లు దాటిన పిల్లలకి. చావు, యుద్ధం రెండూ ఉన్నాయి కాబట్టి పక్కన కూర్చోండి. చర్చిలో కొయ్య క్రీస్తుని చూసి 'ఆయనా చెక్కతో చేసినవాడేగా, ఆయనంటే అందరికీ ఇష్టం, నేనంటే ఎందుకు కాదు?' అని పినోకియో అడిగే చోట మా పాప రిమోట్ లాక్కుని ఆపేసింది. "నాన్నా, నిజంగా ఎందుకు?" అంది. అరగంట దాకా మళ్లీ ప్లే నొక్కలేదు.