సెల్లార్‌లో సంపు, పంపు: నాలుగు వానాకాలాల తర్వాత

హైదరాబాద్ మణికొండలో మా అపార్ట్‌మెంట్‌కు ఒకటే సెల్లార్, పదడుగుల లోతు. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు అందులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. తోడించేశాం, అయిపోయిందనుకున్నాం. వాన వెలిసి నాలుగు రోజులైనా గోడ మొదట్లోంచి ఊట ఆగలేదు. మా కింద ఉన్నది షీట్ రాక్, అంటే పరుపులా పరుచుకున్న గట్టి రాయి. నీరు అందులోకి అంత సులువుగా దిగదు, పైనున్న మొరంలోనే నిలుస్తుంది. రాయి కొట్టి కట్టిన సెల్లార్ ఆ నీటికి బావిలాంటిదే.

ముందు లోపలివైపు వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించాం. దండగ. మరుసటి ఏడే అప్పడంలా పొక్కి ఊడింది. బయట మీటరు ఎత్తు నీరుంటే, గోడ అడుగున చదరపు మీటరుకు టన్ను చొప్పున నెడుతుంది. పూత ఏం ఆపుతుంది?

2022 వేసవిలో అసలు పని చేయించాం. గోడ వెంట అడుగు వెడల్పు కాలువ తవ్వి, మట్టిని ఆపి నీటిని మాత్రం వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, చిల్లుల పైపు పెట్టి, 20 ఎంఎం కంకర నింపారు. మూలన ఆ ఊట నీరు చేరే సంపు, అందులో ఫ్లోట్ స్విచ్చున్న (నీరు పెరిగితే తేలి మోటార్ ఆన్ చేసేది) 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ పంపు. నెల రోజులు దుమ్ము, ఇరుగుపొరుగు తిట్లు. కానీ నేల పొడిగా ఉంది, కార్ల కింద పాచి లేదు.

పంపు మీద ఫిర్యాదు లేదు. ఏడిపించినవన్నీ దాని చుట్టూ ఉన్న చిల్లర సామానే. నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టలేదు. మోటార్ ఆగగానే పైపులో నీళ్లు గడగడా సంపులోకి దిగేవి, రెండు నిమిషాలకు మళ్లీ ఆన్. ఆ వాల్వ్ పడ్డాక గానీ రాత్రుళ్లు ప్రశాంతంగా లేవు. ఇంకో జులైలో ఫ్లోట్ వైరు పైపుకు చుట్టుకుంది. తెల్లవారుజామున వాచ్‌మన్ ఫోన్: "సార్, మోటార్ ఆన్ అయితలేదు, నీళ్లు లిఫ్ట్ దాకా వచ్చినయ్." ఇప్పుడు వైరును క్లిప్పుతో బిగించాం. నెలకోసారి బకెట్ నీళ్లు పోసి, ఫ్లోట్ లేస్తుందో లేదో నేనే చూస్తాను.

గట్టి వాన పడితే కరెంటు పోతుంది. మా జనరేటర్ ఎక్కడుందనుకున్నారు? సెల్లార్‌లోనే! మునిగే చోట దాన్ని పెట్టిన మహానుభావుడెవరో గానీ, దాన్ని పైకి ఎక్కించడానికి పంపు ధర కంటే ఎక్కువే అయింది.

ఒక సంగతి మాత్రం రెండేళ్లు ఎవరికీ తట్టలేదు. డాబా మీది వాన నీరంతా మా ఇంకుడు గుంతలోకి వెళ్తుంది. ఆ గుంత సెల్లార్ గోడకు నాలుగడుగుల దూరంలో ఉంది! ఇంకిన నీరు గోడలోంచి సంపులోకి, పంపు నుంచి రోడ్డు కాలువలోకి. కరెంటు బిల్లు మాకు. గుంతను స్థలం అవతలి మూలకు మార్చాక పంపు నడిచే గంటలు బాగా తగ్గాయి.

ఇంకా తేలనిది ర్యాంపు సంగతి. తారు మీద తారు వేసి రోడ్డే మా గేటు కంటే ఎత్తయింది, దాని మీది నీరు ర్యాంపు వెంట సెల్లార్‌లోకే దిగుతుంది. ఈ వేసవిలో గేటు దగ్గర జానెడు దిమ్మ కట్టించాలి. కింద తగులుతుందని చిన్న కార్లవాళ్లు ఇప్పటి నుంచే గొణుగుతున్నారు.