బురద తేలిక, కొండ బరువు: మౌంటెన్ క్రీక్‌లో స్పార్టన్ బీస్ట్ పరుగు

న్యూజెర్సీ రాష్ట్రపు ఉత్తర కొసన, వెర్నన్ అనే ఊళ్లో మౌంటెన్ క్రీక్ అనే స్కీ కొండ ఉంది. చలికాలమంతా మంచు మీద జారేవారితో నిండి ఉండే ఆ వాలుల మీద, మంచు కరిగాక ఏప్రిల్ నెలలో స్పార్టన్ రేస్ సంస్థవారు అడ్డంకుల పరుగు పోటీలు జరుపుతూ వచ్చారు. వాటిలో 21 కిలోమీటర్ల దూరం, 30 అడ్డంకులు ఉండే బీస్ట్ అనే పోటీలో నేను నలభై రెండో ఏట పాల్గొన్నాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మేముండే ఎడిసన్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఒకరిద్దరు పక్కకు పిలిచి వివరాలు అడుగుతున్నారు. అడిగేవారందరికీ ఉండే సందేహం బురద గురించే. అంత బురదలో ఎలా పాకారు, కళ్లలో పడలేదా, రోగాలు రావా అని అడుగుతారు గాని, కొండ ఎంత ఎత్తు అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నిజానికి ఆ రోజు నన్ను కుదేలు చేసింది కొండే గాని బురద కాదు కనుక, ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

ఈ తరహా పోటీలకు ఆద్యం ఇంగ్లండులో 1987లో మొదలైన టఫ్ గై అని చెప్పుకుంటారు. అమెరికాలో టఫ్ మడర్, స్పార్టన్ రేస్ రెండూ 2010లోనే మొదలయ్యాయి. పదేళ్ల తరువాత, 2020లో, మొదటిదాన్ని రెండోది కొనేసింది. టఫ్ మడర్‌లో నలుగురూ కలిసి, ఒకరినొకరు లాక్కుంటూ పూర్తి చేయడమే ప్రధానం. స్పార్టన్‌లో మాత్రం మణికట్టుకు కట్టిన చిప్ మీ సమయాన్ని లెక్కిస్తుంది, దాటలేని అడ్డంకికి శిక్ష ఉంటుంది. దూరాన్ని బట్టి 5 కిలోమీటర్ల స్ప్రింట్, 10 కిలోమీటర్ల సూపర్, ఆ పైన బీస్ట్ ఉన్నాయి. ఒకే క్యాలెండర్ సంవత్సరంలో ఈ మూడూ పూర్తి చేసినవారిని ట్రైఫెక్టా సాధించినట్టు లెక్కిస్తారు. నేను మొదటిసారే బీస్ట్‌కు నమోదు చేసుకోవడం తెలివైన పని కాదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఎడిసన్ నుంచి 287 రహదారి ఎక్కి, అక్కడి నుంచి 23వ నంబరు దారి పట్టుకుంటే గంటన్నరలోపు చేరుకోవచ్చు. ఒకప్పుడు ప్రమాదాలకు పేరుమోసిన యాక్షన్ పార్క్ అనే వినోద పార్కు ఈ కొండ అడుగునే ఉండేది. 1996లో అది మూతపడింది. ఆ సంగతి తెలిసిన మా సహోద్యోగి, ప్రాణానికి ఏమైనా జరిగితే మాది బాధ్యత కాదు అనే పత్రం మీద సంతకం పెట్టడానికి ఇంతకంటే తగిన చోటు దొరకదన్నాడు. నంబరు ముద్రించిన బట్ట పట్టీని తలకు కట్టుకుని, విడతలవారీగా వదిలే గుంపుల్లో మన వంతు కోసం నిలబడాలి. ప్రారంభ రేఖ దగ్గరకు చేరడానికే ఒక చెక్క గోడ దూకాల్సి రావడం నాకు నచ్చింది. రాలేనివారికి వెనక్కి వెళ్లే అవకాశం అక్కడే, మర్యాదగా, ఇచ్చేశారనుకున్నాను. వ్యాఖ్యాత మాటలకు అందరూ కలిసి ‘అరూ’ అని అరిచే ఆ రెండు నిమిషాల ఉత్సాహం మొదటి ఎత్తు సగం దాకా పనికొచ్చింది.

కొండ విషయానికి వస్తే, మౌంటెన్ క్రీక్ శిఖరానికీ అడుగుకూ మధ్య ఎత్తు తేడా 1,040 అడుగులు. వినడానికి పెద్దగా అనిపించదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవారికి ఇదొక లెక్కా అని నేనూ అనుకున్నాను. అయితే అలిపిరి దారిలో మెట్టు ఉంది, నీడ ఉంది, మోకాళ్ల పర్వతం దగ్గర తప్ప మిగతా చోట్ల కాలికి విశ్రాంతినిచ్చే చదును ఉంది. స్కీ వాలు పైనుంచి కిందికి జారడం కోసం చెట్లు నరికి వదిలిన దారి. కాలిబాటలో ఉండే మలుపులు అందులో ఉండవు. దాన్ని కింది నుంచి పైకి ఎక్కవలసి వచ్చినప్పుడు ముందున్నవారి మడమలు మన కళ్ల ఎదురుగా కనిపిస్తాయి. కరిగిన మంచుతో మెత్తబడ్డ గడ్డి మీద ఒక అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది. పైగా ఒకసారి ఎక్కి దిగితే అయిపోదు. పైకి తీసుకెళ్లి, చెట్ల మధ్యగా కిందికి దింపి, దిగువన గుడారాలు, అరటిపళ్లు, ముగింపు రేఖ కనిపించేంత దగ్గరకు తెచ్చి, మళ్లీ పైకి తిప్పుతారు. దారి గీసినవారికి మనిషి మనసు బాగా తెలుసు.

దిగడం ఇంకో రకం కష్టం. ఎక్కేటప్పుడు ఊపిరి అందదు గాని కండరం కుదించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు తొడ కండరాలు బరువును ఆపుతూ సాగుతాయి, ఆ సాగడంలోనే వాటికి ఎక్కువ దెబ్బ తగులుతుంది. అందుకే నొప్పి ఆ రోజు కాక రెండో రోజు పూర్తిగా బయటపడింది. సోమవారం ఉదయం ఇంట్లో మెట్లు వెనక్కి తిరిగి, రెయిలింగు పట్టుకుని దిగాను. కనుక శిక్షణ మొదలుపెట్టేవారు జిమ్ములో ట్రెడ్‌మిల్ మీద గంటలు గడిపే బదులు, ఆపలేచియన్ కాలిబాటలో వెర్నన్ దగ్గరే వావాయాండా కొండ ఎక్కే భాగానికి నాలుగు ఆదివారాలు వెళ్లి, ఎక్కినంత శ్రద్ధగానూ దిగి రావడం ఎక్కువ ఉపయోగం.

బురద సంగతి కూడా చెప్పాలి. ముళ్ల తీగ కింద పాకే అడ్డంకి దగ్గర చాలామంది మోచేతుల మీద ఈడ్చుకుంటూ అవస్థ పడుతుంటే, ఒకావిడ చాప చుట్టినట్టు పక్కకు దొర్లుతూ నిమిషంలో దాటేసింది. ఆమెను చూసి నేనూ అదే చేశాను. సూర్యాపేట దగ్గర దమ్ము చేసిన మడిలో నాట్ల రోజుల్లో ఆడుకుంటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఒంటికి బురద అంటడం నాకు కొత్త కాదు. తేడా ఏమంటే, మన మడి బురద వెన్నలా మెత్తగా, గోరువెచ్చగా ఉంటుంది. ఇక్కడిది చల్లగా, అడుగున గులకరాళ్లతో ఉంటుంది. మోకాళ్లకు పొడవు సాక్సులు లేకపోతే చర్మం గీరుకుపోతుంది. దాని తరువాత నీళ్లలో మునిగి గోడ కింది నుంచి బయటపడే డంక్ వాల్ వచ్చింది. అందులో చలి తప్ప కష్టం లేదు గాని, నీళ్లు మింగకుండా జాగ్రత్త పడాలి. 2012లో నెవాడాలో పశువుల క్షేత్రం మీద జరిగిన ఇలాంటి ఒక పరుగులో బురదనీరు మింగినవారికి క్యాంపిలోబ్యాక్టర్ సోకి విరేచనాలు పట్టుకున్నాయని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల నివేదికలో ఉంది. రోగాల గురించి అడిగేవారికి నా జవాబు ఇదే: నోరు మూసుకుని పాకండి.

నిజమైన పరీక్ష బకెట్ దగ్గర జరిగింది. రాళ్లు నింపిన పెద్ద ప్లాస్టిక్ బకెట్‌ను పొట్టకు హత్తుకుని, వాలు ఎక్కి, చుట్టి, కిందికి దిగి రావాలి. వడ్ల బస్తా వీపు మీదికి ఎక్కిన తరువాత బరువు వెన్ను మీదుగా కాళ్లలోకి దిగుతుంది. బకెట్‌కు ఆ సౌకర్యం లేదు. అది ముందుకు లాగుతూ ఉంటుంది, అడుగున చేతులు కలిపి పట్టుకుంటే మునివేళ్లు మొద్దుబారిపోతాయి, కాళ్లు ఎక్కడ పడుతున్నాయో కనిపించదు. మొదట ముప్పై అడుగులకొకసారి దించాను, తరువాత పదిహేనుకు, చివరికి ఎనిమిదికి. దించిన ప్రతిసారీ మళ్లీ ఎత్తడానికి పోయే బలం మోయడానికి పోయేదానికంటే ఎక్కువని అర్థమయ్యేసరికి సగం దారి అయిపోయింది. నా ముందు నడుస్తున్న పెద్దాయన ఒకరు, అరవై దాటి ఉంటారు, ఒక్కసారి కూడా దించలేదు. కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని, నడుము కొద్దిగా వెనక్కి వాల్చి, పెళ్లిలో పళ్లెం మోస్తున్నంత నిదానంగా వెళ్లిపోయారు.

తాడు ఎక్కడం మాత్రం నాకు ఆనందాన్నిచ్చింది. మా ఊళ్లో గౌడన్న తాటిచెట్టు ఎక్కడాన్ని చిన్నప్పుడు గంటల తరబడి చూసేవాణ్ణి. నడుము చుట్టూ తిరిగిన మోకు ఆయనను పట్టి ఉంచేది, కాళ్లు పైకి తోసేవి, చేతులు మోకును పైకి జరపడానికి మాత్రమే పనికొచ్చేవి. పోటీలో తాడు దగ్గర విఫలమైనవారిలో ఎక్కువమంది చేతులతోనే లాక్కుంటూ సగం దాకా వెళ్లి జారిపోయారు. తాడును కుడి పాదం పక్కగా దించి, కింది నుంచి చుట్టి, ఎడమ పాదంతో నొక్కితే అక్కడొక మెట్టు తయారవుతుంది. దాని మీద నిలబడి చేతులు పైకి జరపాలి, మోకాళ్లు ముడవాలి, మళ్లీ నిలబడాలి. అలా నాలుగుసార్లు నిలబడేసరికి పైనున్న గంట చేతికందింది. ఆ గంట మోగించినప్పుడు గౌడన్న పేరు పైకే అన్నాను. కింద నిలబడ్డ వలంటీరు అది ఏదో యుద్ధ నినాదం అనుకుని ‘అరూ’ అని బదులిచ్చింది.

ఈటె దగ్గర ఆ గర్వమంతా దిగిపోయింది. తాడు కట్టిన ఈటెను దూరంగా ఉన్న గడ్డి మోపులో దిగేలా విసరాలి, అవకాశం ఒక్కటే. నాది మోపుకు తగిలింది గాని దిగలేదు, తోక నేలకు వాలిపోయింది. శిక్ష 30 బర్పీలు. బర్పీ అంటే ఒక బస్కీ, ఒక దండీ, చివర ఒక ఎగురు కలిపినది అనుకోండి. ఛాతీ నేలకు తగలాలి. తిరిగే పిడులతో వేలాడుతూ దాటవలసిన ట్విస్టర్ దగ్గర, ఉంగరాలూ తాళ్లూ వేలాడే మల్టీ రిగ్ దగ్గర కూడా చేతులు జారిపోయాయి కనుక మొత్తం 90 చేశాను. నేను పరిగెత్తిన ఏడాది నియమం అది. తరువాతి కాలంలో కొన్ని అడ్డంకులకు బర్పీల బదులు అదనపు చుట్టు తిరిగే శిక్ష పెట్టారు కనుక, వెళ్లేముందు ఆ పోటీ నియమావళి చదువుకోవడం మంచిది. బహుమతుల కోసం కాక పూర్తి చేయడం కోసం పరిగెత్తే ఓపెన్ విభాగంలో ఇతరుల సాయం తీసుకోవచ్చు. ఎత్తయిన గోడ దగ్గర ముక్కూమొహం తెలియని ఇద్దరు తమ తొడలను నాకు మెట్లుగా ఇచ్చారు, తరువాతి గోడ దగ్గర నేను నా భుజం ఇచ్చాను. ఈ పోటీలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

సామగ్రిలో బూట్లకు తప్ప దేనికీ ఎక్కువ ఖర్చు పెట్టనవసరం లేదు. అడుగున లోతైన పళ్లు ఉండి, నీళ్లు పక్కల నుంచి బయటకు పోయే ట్రైల్ బూట్లు కావాలి. నూలు బనియను తడిస్తే బరువెక్కి, ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తుంది. ఆన్‌లైన్లో ఒక దుకాణంవారు ఇలాంటి పోటీల కోసమే తయారుచేసినవని నమ్మబలికి అమ్మిన చేతి తొడుగులు బురద తగలగానే సబ్బులా జారాయి, రెండో అడ్డంకి దగ్గరే కుట్లు విడిపోయాయి. తిరిగి తీసుకోమని అడిగితే వాడినవి తీసుకోబోమన్నారు. ఆకలికి మన దేశపు దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో కొన్న పల్లీపట్టీలు జిప్పు సంచిలో పెట్టుకుని వెళ్లాను. మూడో ఎత్తు మీద వాటి ముందు జెల్ పొట్లాలు దిగదుడుపే అనిపించింది.

మంట మీదుగా దూకి ముగింపు రేఖ దాటేసరికి 7 గంటల 50 నిమిషాలు పట్టింది. పతకం, టీ-షర్టు, అరటిపండు ఇచ్చారు; స్నానమంటే ఆరుబయట పైపులో నుంచి వచ్చే చన్నీళ్లే. డబ్బుకు తగిన పోటీయేనా అంటే, ఆ కొండకూ ఆ కట్టడాలకూ తగినదే అంటాను. ముందుగా నమోదు చేసుకున్నవారికి రుసుము తక్కువ పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారు, ఆగకుండా రెండు గంటలు కొండ నడవలేనివారు బీస్ట్ జోలికి వెళ్లకుండా స్ప్రింట్‌తో మొదలుపెట్టాలి. అందులోనూ ఈటె, తాడు, ముళ్ల తీగ దొరుకుతాయి. మా తమ్ముడి కొడుకును వచ్చే ఏడాది దానికే చేర్పించాను. వాడికి నేను ముందుగా కొనిచ్చినవి ఇంటి దూలానికి వేలాడదీసుకునే ఒక తాడు, కారు సీట్ల మీద పరుచుకోవడానికి రెండు పెద్ద చెత్త సంచులు.