పెళ్లి ముందా, ఐ-485 ముందా? సొంత లాయర్‌ని పెట్టుకున్నాక నా రివ్యూ

హెచ్-1బీ (వర్క్ వీసా) మీద అమెరికాలో ఉద్యోగం చేస్తూ, గ్రీన్ కార్డ్ తేదీ దగ్గరపడుతున్న టైంలోనే ఇండియాలో పెళ్లి కుదిరినవాళ్లకి ఈ రివ్యూ పనికొస్తుంది. నేను వాడింది ఒక ఇండిపెండెంట్ ఇమ్మిగ్రేషన్ లాయర్ సర్వీస్. ముందు ఒక గంట వీడియో కన్సల్టేషన్, అది నచ్చాక మా ఆవిడ హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్యకి లేదా భర్తకి ఇచ్చే వీసా), ఐ-485 (అమెరికాలో ఉంటూ గ్రీన్ కార్డ్ కోసం వేసే దరఖాస్తు) రెండూ ఆయన ఆఫీసుకే అప్పగించాం. పేరు రాయడం లేదు, మీకు దొరికే లాయర్ వేరే కావచ్చు, ఎవరైనా సరే ఏం అడగాలో తెలియడం ముఖ్యం. ఆ మొదటి గంటకి ఐదుకి ఐదు ఇస్తాను. ఆ తర్వాత ఆఫీస్ చేసిన పనికి మూడు.

కంపెనీ లాయర్ ఉండగా మళ్లీ చేతి డబ్బు పెట్టడం ఎందుకని అందరూ అడిగారు. నిజమే, ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం మన తరఫున కంపెనీ వేసే పిటిషన్) దాకా వాళ్లే చూశారు, బాగానే చూశారు. కానీ వాళ్లకి ఫీజు ఇచ్చేది కంపెనీ, వాళ్ల దృష్టి అంతా కంపెనీ పిటిషన్ మీదే. ఉద్యోగపు గ్రీన్ కార్డ్‌లో ఈబీ-1, ఈబీ-2, ఈబీ-3 అని కేటగిరీలు ఉంటాయి, నాది ఈబీ-1 కాబట్టి క్యూ ఈబీ-2 అంత పొడవు కాదు, "మీ తేదీ ఫైలింగ్‌కి వచ్చేలా ఉంది, డాక్యుమెంట్లు పంపండి" అని మెయిల్ వచ్చింది. పెళ్లి కుదిరిందని రాస్తే "అయ్యాక తెలియజేయండి" అని ఒక్క లైన్ జవాబు. ఇంట్లోనేమో పంతులుగారు మంచి ముహూర్తాలు కొన్ని నెలల తర్వాతే ఉన్నాయన్నారు. మా బాబాయి "పెళ్లయ్యేదాకా ఏదీ ఫైల్ చెయ్యకురా, అమ్మాయి ఇక్కడే ఇరుక్కుపోతుంది" అన్నాడు. ఫ్రెండ్ ఒకడు "తేదీ వెనక్కిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు, ముందు వేసెయ్" అన్నాడు. రెండు మాటల్లోనూ నిజం ఉంది, టెన్షన్ అంతా అక్కడే.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డ్‌లో భార్యకి లేదా భర్తకి కూడా అదే ప్రయారిటీ డేట్ (క్యూలో మన చోటు చెప్పే తేదీ) మీద, అదే కేటగిరీలో కార్డ్ వస్తుంది, కానీ మనది అప్రూవ్ అయ్యేసరికి పెళ్లి అయి ఉండాలి. అప్రూవ్ అయిన మర్నాడు పెళ్లి చేసుకున్నా ఆ దారి మూసుకుపోయినట్టే. మిగిలేది ఎఫ్2ఏ, అంటే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు భార్య కోసం ఐ-130 వేసి ఇంకో క్యూలో మొదటినుంచి నిలబడటం, దానికి ఏళ్లు పట్టొచ్చు. పైగా కార్డ్ వచ్చాక మనం హెచ్-1బీలో ఉండం కాబట్టి హెచ్-4 మీద తెచ్చుకునే వీలు కూడా పోతుంది. కొత్తగా పెళ్లైన జంటలు ఇలా రెండు దేశాల్లో ఏళ్ల తరబడి ఉండిపోవడం చూసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు.

కన్సల్టేషన్ మొదలవగానే లాయర్ అడిగిన మొదటి ప్రశ్న, అమ్మాయి ఎక్కడ పుట్టింది అని. ఏ దేశపు పాస్‌పోర్ట్ అని కాదు, ఏ దేశంలో పుట్టింది అని. గ్రీన్ కార్డ్‌లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది కదా, ఆ లెక్క చూసేది పుట్టిన దేశాన్ని బట్టి, పౌరసత్వాన్ని బట్టి కాదు. భార్య వేరే దేశంలో పుట్టి ఉంటే భర్త కూడా ఆమె పుట్టిన దేశం లెక్కలోకి వెళ్లొచ్చు. మన గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, అక్కడ కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టి ఇండియా పాస్‌పోర్ట్ మీద పెరిగిన పిల్లలు మన సంబంధాల్లో మామూలే. ఈబీ-2, ఈబీ-3లో ఇండియా క్యూలో పదేళ్లు దాటి ఎదురుచూస్తున్నవాళ్లకి అలాంటి సంబంధం కుదిరితే ఆ క్యూలోంచే బయటపడొచ్చు, ఆ సంగతి తెలియక ఊరికే కూర్చున్నవాళ్లు ఉంటారని ఆయన అన్నారు. మా ఆవిడ పుట్టింది రాజమండ్రిలో, కాబట్టి మాకు అది వర్తించలేదు. అయినా నేను చెప్పకుండానే ఆయనకి అది గుర్తుకు రావడం చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

తర్వాత వీసా బులెటిన్ స్క్రీన్ మీద పెట్టి రెండు పట్టికలు పక్కపక్కన చూపించారు. ఏ ప్రయారిటీ డేట్ దాకా వంతు వచ్చిందో చెప్తూ ప్రతి నెలా స్టేట్ డిపార్ట్‌మెంట్ ఇచ్చేదే, మనందరం చూసేదే, కానీ నేను ఎప్పుడూ నా తేదీ ఎంత ముందుకు కదిలిందా అనే చూశాను తప్ప రెండింటి మధ్య దూరం ఏం చెప్తుందో ఆలోచించలేదు. డేట్స్ ఫర్ ఫైలింగ్ పట్టికలో మన తేదీ వస్తే, ఆ నెలలో యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ) ఆ పట్టికని ఒప్పుకుంటే, ఐ-485 వేసుకోవచ్చు. అప్రూవ్ చేయాలంటే మాత్రం ఫైనల్ యాక్షన్ పట్టికలో మన తేదీ రావాలి. అంటే ఈ రెండింటి మధ్య ఉన్న కాలంలో కేసు లోపల ఉంటుంది, కార్డ్ మాత్రం రాదు. పెళ్లి చేసుకోవాల్సింది ఆ కాలంలోనే. నా తేదీ ఫైనల్ యాక్షన్‌కి ఇంకా బాగా దూరంలో ఉంది కాబట్టి ఇప్పుడే ఒంటరిగా ఫైల్ చేసినా పెళ్లికి ముందు అప్రూవ్ అయ్యే భయం లేదు, వేయకుండా కూర్చుంటే పట్టికలో తేదీ వెనక్కి పోయే ప్రమాదం మాత్రం ఉంది అన్నారు. అంటే ఫ్రెండ్ చెప్పినట్టే ముందు వేసెయ్యాలి, కానీ బాబాయి భయాన్ని మనసులో పెట్టుకుని ప్రతి నెలా ఫైనల్ యాక్షన్ తేదీ చూసుకోవాలి, అది మరీ దగ్గరికి వస్తే ముహూర్తం ముందుకు జరపాలి.

మరి ఆమెది ఎప్పుడు వేయాలి? ఆమె అమెరికాలో ఉండగానే ఐ-485 వేయాలి, ఆ నెలలో తేదీ కరెంట్‌గా ఉండాలి, అంటే పట్టికలో మన వంతు వచ్చి ఉండాలి. ఇద్దరికీ ఒకటే ప్రయారిటీ డేట్ కాబట్టి తేదీ వెనక్కిపోతే నాది కూడా ఆగుతుంది, అప్పుడు ఆమె హెచ్-4లో ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. ఒకవేళ ఆమె ఇండియాలో ఉండగానే నాది అప్రూవ్ అయిపోతే? పెళ్లి అప్పటికే అయి ఉంటే చాలు, ఐ-824 అనే ఫారం వేసి ఫాలో టు జాయిన్ (తర్వాత వచ్చి కలవడం) కింద కాన్సులేట్ ద్వారా తెచ్చుకోవచ్చు. ఇక్కడికి వచ్చాక, ఆమెది ఇంకా వేయకముందే నాది అప్రూవ్ అయితే హెచ్-4 పోతుంది కానీ, ఉద్యోగపు కేటగిరీల్లో 180 రోజుల దాకా స్టేటస్ లేకపోయినా ఐ-485 వేసుకునే వెసులుబాటు 245(కె) అనే సెక్షన్‌లో ఉంది. దాని మీద ఆధారపడి ప్లాన్ వేసుకోకండి, అది చివరి ఆసరా మాత్రమే అని గట్టిగా చెప్పారు. బులెటిన్ వచ్చే నెల ఎక్కడికి వెళ్తుందో చెప్పమంటే, చెప్పనన్నారు. నాకు అది చాలా నచ్చింది. తేదీలు జోస్యం చెప్పే లాయర్ దొరికితే జాగ్రత్తగా ఉండండి.

ఇంకో ముఖ్యమైన మాట, ఐ-485 పెండింగ్‌లో ఉండగా ఈఏడీ (పనిచేసుకునే అనుమతి కార్డ్) చేతికొచ్చినా దాని మీద పనిచేయొద్దు, హెచ్-1బీలోనే ఉండు, హెచ్-1బీ వదిలేస్తే ఆమెకి హెచ్-4 అడిగే ఆధారం పోతుంది అన్నారు. ఇది చాలామందికి తెలియదు, ఈఏడీ రాగానే కంపెనీ మారి తర్వాత బాధపడతారు. పెళ్లికి ఇండియా వెళ్లడం గురించి కూడా నాకు భయం ఉండేది, అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్లి తిరిగొచ్చేందుకు ముందే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే ఐ-485 వదులుకున్నట్టే అంటారు కదా. హెచ్-1బీ, హెచ్-4, ఎల్ (కంపెనీ బదిలీ) వీసాల వాళ్లకి ఆ నియమంలో మినహాయింపు ఉంది, చెల్లే వీసాతో అదే స్టేటస్‌లో, అదే ఉద్యోగానికి తిరిగొస్తే కేసుకి ఏమీ కాదు. నా పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్‌కి ఇంకా గడువు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. గడువు అయిపోయినవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి, 2025 సెప్టెంబర్ నుంచి ఇంటర్వ్యూ లేని డ్రాప్‌బాక్స్ సౌకర్యం హెచ్ వీసాలకి దాదాపు పోయింది.

హెచ్-4కి ఇంటర్వ్యూ స్లాట్ దొరకట్లేదు, విజిటర్ వీసా మీద తెచ్చి ఇక్కడే ఐ-485 వేద్దామా అని అడిగాను. వద్దంటే వద్దన్నారు. హెచ్-4 వాళ్లు ఇక్కడే స్థిరపడాలనుకున్నా తప్పు కాదు, విజిటర్ వీసాలో అలా కాదు, ఆ ఉద్దేశం దాచి వచ్చినట్టు తేలితే అబద్ధం చెప్పినట్టు పడుతుంది, ఆ మచ్చ జీవితాంతం వెంటాడుతుంది. హైదరాబాద్‌లో స్లాట్ కోసం ఎదురుచూడటం కష్టమే, 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా అకౌంట్లు కూడా చూస్తామని చెప్పి చాలామంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిపారు. కాబట్టి పెళ్లికి, ఆమె ప్రయాణానికి మధ్య ధారాళంగా టైం వదులుకోండి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ రోజు చూపించాల్సిన పెళ్లి ఫొటోలు, మన ఐ-797 (హెచ్-1బీ అప్రూవల్ నోటీసు), పే స్లిప్‌లు అన్నీ ముందే ఆమెకి పంపించెయ్యండి.

మ్యారేజ్ సర్టిఫికెట్ దగ్గర మాత్రం ఈ ఆఫీస్ తేలిపోయింది. "రిజిస్టర్డ్ సర్టిఫికెట్ తీసుకోండి" అని చెక్‌లిస్ట్‌లో ఒక లైన్ రాసి వదిలేశారు. మన దగ్గర అది ఎలా జరుగుతుందో వాళ్లకి తెలియదు. అవసరమైతే పెద్ద పెళ్లికి ముందే రిజిస్ట్రేషన్ చేసుకోమన్నారు. హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయాలంటే అసలు పెళ్లి జరిగి ఉండాలి. పెళ్లి లేకుండా రిజిస్ట్రార్ ముందే చేసుకునేది స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద, దానికి 30 రోజుల నోటీసు ఉంది, పైగా ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో నోటీసుకి ముందు 30 రోజులు ఉండి ఉండాలి. రెండు వారాల సెలవు మీద వెళ్లే మనకి ఆ నోటీసు గడువే పెద్ద అడ్డు. తొందర ఉన్నవాళ్లకి నాకు తోచిన దారి, గుడిలో పెద్దల సమక్షంలో సింపుల్‌గా పెళ్లి చేసుకుని, శుభలేఖ, ఫొటోలు, సాక్షులతో రిజిస్టర్ చేయించుకోవడం. ఇదంతా మా మామయ్యగారు సబ్ రిజిస్ట్రార్ ఆఫీస్ చుట్టూ తిరిగి కనుక్కున్నారు, డబ్బు తీసుకున్న లాయర్ ఆఫీస్ కాదు. అమెరికాలో యూటా నుంచి జూమ్‌లో చేసే పెళ్లి గురించి మాత్రం లాయర్ స్పష్టంగా చెప్పారు: ఇద్దరూ వేర్వేరు చోట్ల ఉండి చేసుకున్న పెళ్లిని, ఆ తర్వాత కలిసి కాపురం చేశారని చూపిస్తే తప్ప ఇమ్మిగ్రేషన్‌లో లెక్కలోకి తీసుకోరు.

బర్త్ సర్టిఫికెట్ విషయంలోనూ అంతే. మన దగ్గర చాలామంది సర్టిఫికెట్లలో బిడ్డ పేరు ఉండదు, ఉన్నా ఇంటిపేరు పాస్‌పోర్ట్‌తో కలవదు. అమ్మాయి ఇండియాలో ఉండగానే అది సరిచేయించుకోమని, లేదా నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, తల్లిదండ్రుల అఫిడవిట్లు తెచ్చుకోమని ముందే చెప్పాల్సింది. మేం అడిగితే గానీ చెప్పలేదు. వ్యాక్సిన్ రికార్డులు కూడా అక్కడినుంచే తెచ్చుకోవాలి, 2024 డిసెంబర్ 2 నుంచి మెడికల్ ఫారం ఐ-693ని ఐ-485తో పాటే పంపాలి, తర్వాత పంపిస్తామంటే కుదరదు. పోర్టల్‌లో ప్రశ్న పెడితే పారాలీగల్ (లాయర్ సహాయకులు) నుంచి అచ్చు వేసినట్టు ఒకే రకం జవాబు వచ్చేది, లాయర్‌తో మాట్లాడాలంటే మళ్లీ ఫీజు. కన్సల్టేషన్ తర్వాత రాసి పంపిస్తామన్న సారాంశం రెండుసార్లు గుర్తు చేస్తే గానీ రాలేదు, వచ్చాక మాత్రం చాలా బాగుంది, ఏ పరిస్థితిలో ఏం చేయాలో వరసగా రాశారు.

ఖర్చు గురించి: కన్సల్టేషన్‌కి కొన్ని వందల డాలర్లు తీసుకున్నారు, పూర్తి కేసుకి వేలల్లో. ప్రభుత్వ ఫీజు వేరే, 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్ల ఐ-485 ఒక్కటే 1,440 డాలర్లు. నన్ను అడిగితే ఆ గంటకి డబ్బు పెట్టండి, ఫారాలు నింపడానికి మాత్రం కంపెనీ లాయర్ భార్య కేసు కూడా చూస్తానంటే వాళ్లకే ఇవ్వండి. మీ ప్రయారిటీ డేట్ ఈ మధ్యదే అయితే, ఈబీ-2, ఈబీ-3లో ఉంటే, అమ్మాయి ఇండియాలోనే పుట్టి ఉంటే ఇప్పుడు ఈ సర్వీస్ అవసరం లేదు, పెళ్లి ఎప్పుడైనా చేసుకోవచ్చు, హెచ్-4 కంపెనీ లాయర్‌తో అయిపోతుంది. ఐ-140 అప్రూవ్ అయి ఉంటే ఆమె హెచ్-4 ఈఏడీ మీద పని కూడా చేసుకోవచ్చు, రెన్యువల్‌ని మాత్రం గడువుకి 180 రోజుల ముందే వేసుకోండి, 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు లేదు.

ప్రస్తుతం మా ఇద్దరి కేసులూ పెండింగ్‌లో ఉన్నాయి, మా ఆవిడ బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫొటో) కూడా అయిపోయాయి. ఇంటర్వ్యూకి పిలిస్తే ఈ ఆఫీస్ ఎలా చూసుకుంటుందో చూసి ఆ మూడు మార్కులు మార్చాలో వద్దో ఇక్కడే రాస్తాను.