కొత్త టైర్లకి మూడోసారి బ్యాలెన్సింగ్ అంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు కారు టైర్లు మార్పించబోయేవాళ్లకి ఒక హెచ్చరిక. నాలుగు కొత్త టైర్లు వేస్తారు, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్ముకి చిన్న వెయిట్లు పెట్టడం), ఎలైన్‌మెంటు (చక్రాలు తిన్నగా ఉండేలా కోణాలు సరిచేయడం) కలిపి బిల్లు చేతిలో పెడతారు. నాతవలస దగ్గర హైవే ఎక్కి 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. వెనక్కి తీసుకెళ్తే మళ్లీ బ్యాలెన్సింగ్, మళ్లీ డబ్బులు. నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మామూలే. మూడోసారి వెళ్తే వచ్చే మాట: "ఏటీ అవదు బాబూ, రెండ్రోజులు తిప్పితే అదే సెట్టయిపోద్ది."

సెట్టవదు. చక్రం ఉత్తినే బ్యాలెన్సు తప్పదు. ఏదో కదిలి ఉండాలి, ఏదో ఊడి ఉండాలి, లేదంటే మొదట్నుంచీ మెషీను మీద చక్రం సరిగ్గా కూర్చునే ఉండదు. అదేమిటో పట్టుకోకుండా వెయిట్లు పీకి వెయిట్లు కొడుతూ పోతే ఎన్నిసార్లు వెళ్లినా ఇంతే.

ముందు వణుకు ఎలాంటిదో గమనించండి. 80, 110 మధ్య స్టీరింగ్ అదిరితే ముందు చక్రాలు. స్టీరింగ్ నిమ్మళంగా ఉండి సీటు కింద అదిరితే వెనకవి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే బ్రేకు డిస్కు సంగతి, ఎక్సలరేటర్ తొక్కినప్పుడే వస్తే డ్రైవ్ షాఫ్టు చూడాలి. బండి ఒక పక్కకి లాగడం వేరే జబ్బు, దానికి ఎలైన్‌మెంటు, గాలి చూసుకోవాలి. వణుకుకి ఎలైన్‌మెంటు మందు కాదు, అయినా చాలాచోట్ల ముందు అంటగట్టేది అదే.

చక్రంలో ఒకచోట బరువు తేడా 30 గ్రాములేగా అనిపిస్తుంది. కానీ 14 అంగుళాల రిమ్ము అంచున ఆ తేడా ఉంటే, వంద స్పీడులో దాదాపు 5 కిలోల బరువు చక్రాన్ని సెకనుకి 15 సార్లు గుంజినట్టు ఉంటుంది. 40 స్పీడులో ఆ లాగుడు కిలో కూడా ఉండదు. అందుకే ఊళ్లో ఒక రౌండు కొట్టించి "చూడండి, బాగుంది కదా" అంటే తలూపకండి. ట్రయలు ఎన్‌హెచ్ 16 మీదే, అదీ టైరు వేడెక్కాక చూడాలి. నెలల తరబడి నిలబెట్టిన బండి, టైర్లు ఒకపక్క అణిగిపోయి మొదటి పదిహేను కిలోమీటర్లు కొట్టుకోవడం వేరు.

ఇక కారణాల్లో మొదటిది, మెషీను మీద చక్రం సరిగ్గా కూర్చోకపోవడం. దీనికి షాపులో పట్టుబట్టి చేయించుకోవాల్సిన పరీక్ష ఒకటుంది. వెయిట్లు కొట్టి మెషీను మీద రెండు పక్కలా 00 వచ్చాక, చక్రాన్ని మెషీను షాఫ్టుకి బిగించిన పెద్ద నట్టు వదులు చేయించండి. షాఫ్టుని కదపకుండా చక్రాన్ని మాత్రం సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. చక్రం అదే, వెయిట్లు అవే, కాబట్టి సున్నా గానీ 5 గ్రాములు గానీ చూపించాలి. 15, 20 చూపిస్తే ఇంతకు ముందు వచ్చిన 00 ఉత్తుత్తిది. కోను (చక్రాన్ని షాఫ్టు మీద సరిగ్గా మధ్యలో నిలిపే ముక్క) సైజు తప్పయినా, రిమ్ము మధ్య రంధ్రం దగ్గర తుప్పో మట్టో ఉన్నా, షాఫ్టు అరిగినా, మెషీను క్యాలిబ్రేషన్ పోయినా ఇలాగే అవుతుంది. కోను చాలా రిమ్ములకి లోపలి వైపు నుంచి, అంటే బండి హబ్బు (చక్రాన్ని బిగించే మధ్య భాగం) మీద కూర్చునే పక్క నుంచి పెట్టాలి. హడావుడిలో బయటి నుంచి పెట్టేస్తారు. ఈ పరీక్షకి పట్టేది రెండు నిమిషాలు. "అవసరం లేదు" అన్న షాపులో టైర్లు కొనకపోవడమే మంచిది.

రెండోది పంక్చర్ పడకుండా పోసే లిక్విడ్. కొత్త టైర్లతో పాటు దీన్నీ అమ్ముతారు. ఆగిన బండిలో అది కిందికి జారి ఒకచోట చేరుతుంది, కొన్నాళ్లకి అక్కడే గడ్డకడుతుంది. మెషీను మీద మూడుసార్లు తిప్పితే మూడు లెక్కలు వస్తాయి: ఒకసారి 25, ఒకసారి 40, మరోసారి ఇంకో మూల. వెయిటు ముట్టకుండా తిప్పిన ప్రతిసారీ లెక్క మారుతోందంటే లోపల ఏదో కదులుతోందన్నమాటే. లిక్విడ్ పోయించకపోయినా నీళ్లు ఉండొచ్చు. కంప్రెసరు ట్యాంకులో నీళ్లు రోజూ వదలకపోతే గాలితో పాటు టైరులోకి పోతాయి. టైరు విప్పి తుడవడం తప్ప వేరే దారి లేదు.

మూడోది చాలామందికి తట్టనిది. టైరు రిమ్ము మీద జారిపోతుంది. ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు అతిగా పూసి, లేదా అసలు పూయకూడని గ్రీజు పూసి, అది ఆరకముందే గట్టిగా బ్రేకులు కొడితే టైరు రిమ్ము మీద రెండు మూడు అంగుళాలు తిరిగిపోతుంది. వెయిట్లు రిమ్ము మీద ఉన్నచోటే ఉంటాయి, టైరు బరువు చోటు మారుతుంది. అక్కడితో చేసిన బ్యాలెన్సింగ్ అంతా వృథా. షాపు నుంచి కదిలే ముందే వాల్వుకి ఎదురుగా టైరు పక్క మీద సుద్దతో గీత గీయండి. మొదటి రోజు నెమ్మదిగా నడపండి. వారం తర్వాత గీత వాల్వు ఎదురుగా లేకపోతే దొంగ దొరికినట్టే.

వెయిట్లు ఊడిపోవడం మాత్రం కంటికి కనిపించేదే. అల్లాయ్‌కి అంటించే రకం వెయిట్లు తడి రిమ్ము మీద, బ్రేకు దుమ్ము మీద అంటిస్తే నిలవవు. థిన్నరుతో తుడిచి, ఆరాక నొక్కి అంటించాలి. ఊడినచోట జిగురు మరక మిగులుతుంది, చూడండి. ఇనప రిమ్ముకి కొట్టే క్లిప్పు రకం, అంచు తుప్పుపడితే వదులవుతుంది. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్ల బండ్లకి ఈ తుప్పు మరీ ఎక్కువ. వానాకాలంలో రిమ్ము లోపలి వైపు పట్టిన మట్టి గడ్డని అలాగే ఉంచి బ్యాలెన్సు చేస్తే, ఆ గడ్డ రాలిన రోజు వణుకు మొదలు. కడగకుండా మెషీను ఎక్కించనివ్వొద్దు.

బయట కొన్న అల్లాయ్‌లు వేయించుకున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. స్విఫ్ట్, ఐ20 లాంటి బండ్ల హబ్బు వ్యాసం 54.1 మిల్లీమీటర్లు. బయటి అల్లాయ్‌ల మధ్య రంధ్రం 67.1, 73.1 దాకా ఉంటుంది. 73.1 అయితే చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీలో హబ్ రింగు వేయకపోతే చక్రాన్ని మధ్యలో నిలిపేది నట్లు ఒక్కటే. బండి బరువు చక్రం మీద ఉండగా గన్నుతో ఒక్కో నట్టూ వరసగా బిగించేస్తే చక్రం పక్కకి కూర్చుంటుంది. మెషీను మీద 00, రోడ్డు మీద వణుకు! జాకీ మీద ఉండగానే ఎదురెదురుగా చేత్తో బిగించి, దించాక మాన్యువల్లో రాసిన టార్కుకి (బిగింపు కొలతకి) బిగించాలి.

ఇవేవీ కాకపోతే రిమ్ము వంకరో, టైరే గుండ్రంగా లేదో. జాకీ ఎత్తి, స్క్రూడ్రైవర్ మొన టైరుకి దగ్గరగా కదలకుండా పట్టుకుని చక్రం నెమ్మదిగా తిప్పండి. సందు ఒకటిన్నర మిల్లీమీటరు పైగా పెరిగి తరుగుతుంటే వెయిట్లతో లాభం లేదు. తర్వాత రిమ్ము అంచు దగ్గర, ముఖ్యంగా లోపలి అంచు దగ్గర అలాగే చూడండి. గోతిలో పడినప్పుడు ఎక్కువగా వంగేది అదే, బయటికి కనబడదు. రిమ్ము బాగుండి టైరు కొద్దిగానే ఎగురుతుంటే, గాలి తీసి టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కిస్తే కొన్నిసార్లు సరిపోతుంది. పక్కన బుడిపె కనబడినా, 20, 30 స్పీడులోనే స్టీరింగ్ అటూ ఇటూ ఊగినా లోపలి పొర విడిపోయి ఉండొచ్చు, ఆ టైరు మీద హైవే ఎక్కొద్దు. టైరు గ్రిప్పు గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు చూపించండి.

కొనేటప్పుడు ఎక్కించక ముందే, టైరు పక్క మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. పూర్తి వరస సాధారణంగా ఒక పక్కే ఉంటుంది, అది లోపలికి పోతే తర్వాత వంగి వెతుక్కోవాలి. నాలుగు టైర్ల నంబర్లూ జీఎస్టీ బిల్లు మీద రాయించుకోండి. షాపు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. తయారీ లోపమని క్లెయిముకి పంపుతామంటే, ఆ టైరు నంబరు వేసిన రసీదు చేతికొచ్చేదాకా టైరు అక్కడ వదిలి రాకండి.