చార్మ్ క్వార్కా, బాటమ్ క్వార్కా?

కావలిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే మా చెల్లి కూతురు "పీహెచ్‌డీకి ఏది తీసుకోమంటావు పెద్దమ్మా?" అని అడిగింది.

ప్రోటాన్ లాంటి వాటి లోపల ఉండే అతి చిన్న కణాలు క్వార్కులు. చార్మ్, బాటమ్ వాటిలో రెండు బరువైన రకాలు. 1974లో బయటపడ్డ చార్మ్ ప్రోటాన్ కంటే కాస్త బరువు. 1977లో బయటపడ్డ బాటమ్ ప్రోటాన్‌కు నాలుగు రెట్లకు పైనే. అసలు తేడా అక్కడే. బాటమ్, ఒక తేలిక క్వార్క్ జంటగా ఉండే కణం బి మెసాన్. అందులో బాటమ్ మన ఒంగోలు గిత్తలా నిలబడి ఉంటుంది, తేలిక క్వార్క్ ఈగలా చుట్టూ తిరుగుతుంది. గిత్త కదలదనుకుని లెక్క మొదలుపెట్టి, చిన్న చిన్న సవరణలు కలుపుకుంటూ పోవచ్చు. చార్మ్ దూడలాంటిది, కుదురుగా ఉండదు. సవరణలు పెద్దవై టెన్షన్ పెడతాయి.

స్థలాన్నీ కాలాన్నీ గళ్లుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కగట్టే లాటిస్ పద్ధతికి మాత్రం చార్మే సులువు. బాటమ్‌కు గళ్లు మరీ సన్నగా ఉండాలి.

పెన్నూ కాగితమూ ఇష్టమైతే బాటమే తీసుకోమన్నాను. "సూపర్ కంప్యూటర్ నాకెవరిస్తార్లే" అంది.