బీకన్స్‌ఫీల్డా, సెయింట్ ఆల్బన్సా: ఇల్లు ఎక్కడ మేలు?

లండన్‌లో ఉద్యోగం, ఊరి బయట ఇల్లు అనుకునేవాళ్లకు లండన్ దగ్గరి ఈ రెండు ఊళ్లూ ఖరీదైన కలలే. రెండు ఊళ్లనూ లండన్ గ్రీన్‌బెల్ట్, అంటే సులువుగా కట్టనివ్వని పచ్చని పట్టీ, చుట్టేసింది. కొత్త ఇళ్లకు జాగా తక్కువ, అందుకే ధరలు దిగిరావు. సెయింట్ ఆల్బన్స్ అయితే ఎక్కడ ఏం కట్టాలో చెప్పే 1994 నాటి స్థానిక ప్లాన్‌తోనే మూడు దశాబ్దాలు నెట్టుకొచ్చింది.

నా ఓటు ముందే చెప్పేస్తాను: రోజూ రైలెక్కాల్సిన కుటుంబానికి సెయింట్ ఆల్బన్స్.

కారణం రైలే. బీకన్స్‌ఫీల్డ్ నుంచి ఫాస్ట్ రైలు అరగంటలోపే లండన్‌లోని మెరిలబోన్ స్టేషన్లో దింపుతుంది, నిజమే. కానీ ఆ లైను అక్కడితో సరి. స్టేషన్లో దొరికే ట్యూబ్ (భూగర్భ రైలు) బేకర్లూ లైన్ ఒక్కటే. ఆఫీసు తూర్పు లండన్‌లో బ్యాంకులుండే కానరీ వార్ఫ్‌లో ఉంటే అసలు ప్రయాణం అక్కడి నుంచే మొదలు. సెయింట్ ఆల్బన్స్ థేమ్స్‌లింక్ రైలు ఇరవై నిమిషాల్లో సెయింట్ పాంక్రస్ చేరి, ఫారింగ్డన్ మీదుగా థేమ్స్ నది దాటిపోతుంది. ఫారింగ్డన్‌లో ఎలిజబెత్ లైన్ పట్టుకుంటే కానరీ వార్ఫ్ పది నిమిషాలు.

ఇళ్ల తీరు కూడా రైలును బట్టే వచ్చింది. సెయింట్ ఆల్బన్స్ రోమన్ల నాటి ఊరు, అప్పటి పేరు వెరులేమియం. 1868లో మిడ్‌లాండ్ రైల్వే రాగానే స్టేషన్ చుట్టూ ఇటుక ఇళ్లు గోడకు గోడ ఆనించి కట్టేశారు, వీటినే టెరేస్ ఇళ్లంటారు. ఇప్పుడు జనం ఎగబడేది వాటికే. ముందు గది ఇరుకు, కారు వీధిలోనే, దానికీ పర్మిట్ కావాలి. బీకన్స్‌ఫీల్డ్‌కు రైలొచ్చింది 1906లో. పాత ఊరికి మైలు దూరంలో స్టేషన్ పడింది, దాని చుట్టూ విశాలమైన స్థలాల్లో కొత్త ఊరు లేచింది. పాత ఊళ్లోనే 1797లో బ్రిటిష్ ఎంపీ ఎడ్మండ్ బర్క్‌ను సమాధి చేశారు. ఆర్కాటు నవాబు అప్పుల పేరుతో ఈస్టిండియా కంపెనీ మనుషులు ఆయన కర్ణాటక్ రాజ్యాన్ని (ఇప్పటి కర్ణాటక కాదు) పిండుకోవడాన్ని 1785లో పార్లమెంటులో కడిగేసిన మనిషి. మన నెల్లూరూ ఆ రాజ్యంలోదే. ఇప్పుడు బర్క్స్ రోడ్‌లో ఇల్లంటే సామాన్యుడికి అందేది కాదు!

ధర చూసుకునేటప్పుడు స్టాంప్ డ్యూటీ మర్చిపోతారు. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం, వేరే ఇల్లు లేనివాళ్లు 7 లక్షల పౌండ్ల టెరేస్ ఇంటికి కట్టేది 25,000. 12 లక్షల విడి ఇంటికి 63,750. 5 లక్షలు దాటితే మొదటి ఇల్లయినా రాయితీ లేదు.

స్కూళ్ల విషయంలో మాత్రం మనవాళ్లు బీకన్స్‌ఫీల్డ్ వైపు మొగ్గుతారు. ఆ ఊరున్న బకింగమ్‌షైర్‌లో గ్రామర్ స్కూళ్లున్నాయి, అంటే పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ స్కూళ్లు, ఫీజు లేదు. ఇయర్ సిక్స్ (పదేళ్ల వయసు) మొదట్లోనే పరీక్ష, 121 స్కోరు రావాలి. రాకపోతే? అంత పెట్టి కొన్న అడ్రసు సీటు తెచ్చిపెట్టదు. పైగా బీకన్స్‌ఫీల్డ్ హైస్కూల్ ఆడపిల్లలది, అబ్బాయిలు అమర్‌షమ్‌కో హై వికమ్‌కో పోవాలి. సెయింట్ ఆల్బన్స్ ప్రభుత్వ స్కూళ్లలో ఎంట్రన్స్ గొడవ లేదు, ఎక్కువగా ఇంటికీ స్కూలుకీ మధ్య దూరం లెక్కే. అక్కడ టెన్షన్ పిల్లాడికి కాదు, టేపు పట్టుకుని కొలుచుకునే తండ్రికి.

ఆఫీసు స్లౌ వైపో హీత్రో వైపో ఉండి, అమ్మాయి పరీక్ష గట్టెక్కేసి, తోట కావాలనుకుంటే బీకన్స్‌ఫీల్డే మేలు. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చే విమానం దిగేది హీత్రోలోనే కాబట్టి అమ్మానాన్నలను తెచ్చుకోవడమూ తేలిక. అప్పుడు కూడా కొత్త ఊళ్లోనే చూడండి. పాత ఊళ్లో వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్న ఇల్లు కొంటే కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. ఏటా మే 10న 1269 నాటి రాజపత్రం (చార్టర్) మీద మొదలైన తిరునాళ్ల జరిగేదీ అక్కడి వీధుల్లోనే, ఆ రోజు కారు ఇంకెక్కడైనా పెట్టుకోవాల్సిందే.